ఆధార్ ఉంది, ఓటరు కార్డు ఉంది, జాబితాలో మా అమ్మ పేరు లేదు

బత్తాయితోట
కోపంలో రాస్తున్నా, ఎక్కడైనా మాట గట్టిగా పడితే ఏమనుకోవద్దు. మాది మునుగోడు వైపు ఒక ఊరు. డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలకు అమ్మను తీసుకుని హైదరాబాద్ నుంచి తెల్లవారకముందే బయల్దేరాం. అమ్మకు అరవై ఏడేళ్లు, ఇప్పటిదాకా ఒక్క ఓటు కూడా పోనివ్వలేదు. ఓటరు కార్డు, ఆధార్ కార్డు రెండూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి కొంగు ముడిలో కట్టుకుని వచ్చింది. బడి దగ్గర చీటీలు రాసేవాళ్లు మూడుసార్లు వెతికి పేరు లేదన్నారు. "నేను బతికే ఉన్న గద బిడ్డా, ఎట్ల తీసేస్తరు" అని అమ్మ అక్కడే నిలబడి అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తట్టుకోలేనిది ఇంకోటుంది. అదే పేజీలో మా నాన్న పేరు ఉంది. నాన్న పోయి ఆరేళ్లయింది.
జరిగింది ఇది. రెండేళ్ల కింద కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ నా దగ్గర ఏడెనిమిది నెలలు ఉంది. అప్పుడు ఏదో పనికి కావాలంటే ఆధార్‌లో చిరునామా నా ఇంటికి మార్పించాను. అంతకుముందు 2022లోనే ఓటరు కార్డుకు ఆధార్ ఇచ్చేసింది. ఆధార్‌లో చిరునామా మారిందని ఓటు దానంతట అదే తీసేస్తారా? మళ్లీ నమోదుకు ఆధార్ తప్పనిసరా? ఎందుకంటే అందులో ఇంటిపేరు చివర ఉంది, ఓటరు కార్డులో ముందు ఉంది, వయసులో అయిదేళ్లు తేడా.

మీసేవ_మల్లన్న
ముందు తొలగించిన పేర్ల జాబితాలో అమ్మ పేరు పక్కన ఏ అక్షరం ఉందో చూడు అన్నా. ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటది. ఈ అంటే చనిపోయారని, ఎస్ అంటే ఇల్లు మారారని, ఆర్ అంటే రెండుసార్లు నమోదైందని, ఎం అంటే మనిషి దొరకలేదని. ఏ కారణం రాశారో తెలియకుండా ఆఫీసుకు పోతే ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి తిప్పుతారు.

కోర్టు_బెంచీ
మొదటి ప్రశ్నకు సూటిగా చెప్తాను. ఆధార్‌లో చిరునామా మారినంత మాత్రాన ఓటు దానంతట అదే పోదు. పేరు తీయాలంటే నమోదు అధికారి ఒక నిర్ణయం తీసుకోవాలి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం "ఇక్కడ ఉండట్లేదు" అనే కారణంతో తీసేసే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మీ అమ్మగారికి నోటీసు వచ్చిందా, ఎవరు తీసుకున్నారు, ఇది మొదటి ప్రశ్న. ఆధార్ సంగతి తర్వాత.

బత్తాయితోట
నోటీసు లేదు. ఎవరూ చెప్పలేదు. అక్షరం ఇప్పుడే చూశాను, ఎస్.

సాగర్_రోడ్
మీ అమ్మగారి విషయంలో అన్యాయం జరిగింది, ఒప్పుకుంటా. కానీ ఇంకో వైపు కూడా చూడండి. పోలింగ్ ముందు రోజు రాత్రి ఎల్బీ నగర్‌లో ఒకసారి నిలబడండి. సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు, శ్రీశైలం రోడ్డు అన్నీ నిండిపోయి ఉంటాయి. అందులో సగం మంది నిజంగా ఊళ్లోనే ఓటున్నవాళ్లు, మరి మిగతావాళ్లు? పట్నంలో ఒకటి, ఊళ్లో ఒకటి. మా వీధిలోనే నాకు తెలిసినవాళ్లు నలుగురున్నారు. అదే 1950 చట్టం 17వ సెక్షన్ ప్రకారం రెండు నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదు, తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ఇన్నేళ్లలో ఒక్కరికైనా పడిందని నేను వినలేదు. ఓటర్ల జాబితాను ఆధార్ వివరాలతో సరిపోల్చి చూస్తే ఒక్క రోజులో తేలిపోయే పని ఇది. 2022 నవంబర్ 3 మునుగోడు ఉపఎన్నిక ముందు కొత్త ఓట్ల దరఖాస్తులు వేలల్లో వచ్చి హైకోర్టు దాకా పోయిన సంగతి మీ ఊరివాళ్లకే బాగా తెలుసు.

దేవరకొండ_డిపో
సాగర్ రోడ్ అన్న చెప్పింది నిజం. ఆ రాత్రి మా బస్సులో నిలబడే జాగ కూడా ఉండదు, బతుకమ్మ పండక్కి కూడా అంత రష్ చూడలేదు నేను.

అంగన్‌వాడీ_అక్క
నేను బీఎల్ఓని, అంటే బూత్ స్థాయిలో ఓటర్ల జాబితా చూసే అధికారిని. అంగన్‌వాడీ పని చేసుకుంటూ ఇది కూడా చేస్తున్నా, పదకొండేళ్లు అవుతోంది. అందరూ మా మీదే పడతారు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదవండి.
నా బూత్‌లో తొమ్మిది వందల పైచిలుకు ఓట్లు. 2022 ఆగస్టు 1 నుంచి ఫారం 6బి అని ఆధార్ నంబర్లు తీసుకోమన్నారు. రూల్ ప్రకారం అది ఇష్టం ఉంటేనే ఇవ్వాలి. కానీ మీటింగ్‌లలో శాతం అడిగేవాళ్లు. ఏ బూత్‌లో ఎంత అయింది, మీది ఎందుకు వెనకబడింది అని. వంద శాతం చేసినవాళ్లకు చప్పట్లు. అలా అడిగితే నేను ఇంటికి పోయి "ఇష్టమైతే ఇవ్వమ్మా" అంటానా? "ఇవ్వకపోతే ఓటు పోతది" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నా. ఆ మాట నమ్మి ముసలివాళ్లు ఎండలో మా సెంటర్‌కు నడిచి వచ్చారు.
ఇక తొలగింపు. ఇంటికి మూడుసార్లు పోతే మూడుసార్లూ తాళం. పక్కింటివాళ్లు "కొడుకు దగ్గరికి పట్నం పోయింది" అంటారు. తిరిగి వస్తుందా, అక్కడే ఉంటుందా అని మేము అడగం, వాళ్లు చెప్పరు. పైన ఎవరో ఎస్ అని కొడతారు. మీ అమ్మ విషయంలో ఇలాగే జరిగి ఉంటుందని నా నమ్మకం, కంప్యూటర్ ఆధార్ చూసి తీసిందని నేను అనుకోను. చనిపోయినవాళ్ల పేరు ఉండిపోవడం ఇంకా మామూలు. మరణ ధ్రువపత్రం ఎవరూ తెచ్చి ఇవ్వరు, ఇంట్లోవాళ్లు సంతకం పెట్టమంటే ఏడుస్తారు, మేము ఊరుకుంటాం. మాకు ఏడాదికి 6,000 రూపాయలుండే గౌరవ వేతనాన్ని 2025 ఆగస్టులో 12,000 చేశారు. సంతోషమే. కానీ తాళం వేసిన ఇంటికి నాలుగోసారి పోయే టైమ్ మాకు ఎవరిస్తారు?

బత్తాయితోట
అక్కా, నీ మీద కోపం లేదు. నిజం చెప్పినందుకు దండం. అమ్మ ఇంటి తాళంచెవి పక్కింట్లోనే ఉంటుంది, నెలకోసారి పోయి ఇల్లు ఊడ్చి వస్తుంది.

పాలమూరు_గుంపు
అక్క చెప్పిన తాళం మా తండా అంతా ఉంటది. దసరా అయ్యాక గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి పుణె తీసుకుపోతాడు, మళ్లీ వానలు పడే ముందు వస్తాం. మా నాయన ముప్పయ్యేళ్లు బొంబాయిలో మట్టి పని చేశాడు, ఒక్కసారి కూడా అక్కడ ఓటు అడగలేదు. ఆయన ఊరు ఇదే. మా ఆధార్‌లు రెండు మూడు పుణె చిరునామాతో ఉన్నాయి, ఎందుకంటే అక్కడ గ్యాస్‌కు, పిల్లల బడికి అడిగారు. ఇప్పుడు ఆధార్ చూసి వీళ్లు పాలమూరు వాళ్లు కాదు అంటే మేము ఎక్కడి వాళ్లం? పుణెలో అడిగితే మీరు వలస కూలీలు, మీ ఊరికి పోండి అంటారు.
2014 ఆగస్టు 19 గుర్తుందా, సమగ్ర కుటుంబ సర్వే? ఒక్క రోజే చేస్తాం, ఇంట్లో లేకపోతే లెక్కలో లేరన్నారు. మా వాళ్లు రైల్లో కాలు మీద నిలబడి వచ్చారు. కూలి పోయింది, టికెట్ డబ్బులు పోయినాయి. జాబితా అంటే మాకు అప్పటి నుంచి భయమే.

కోర్టు_బెంచీ
పాలమూరు తమ్ముడు చెప్పినదానికి చట్టంలోనే జవాబు ఉంది, 20వ సెక్షన్. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాదు, తాత్కాలికంగా బయటికి పోయినంత మాత్రాన నివాసం పోదు. రెండూ అందులోనే ఉన్నాయి. మొదటి వాక్యం సాగర్ రోడ్ గారి కోసం, రెండోది తమ్ముడి కోసం. ఈ రెండింటి మధ్య ఎవరు ఎటు పడతారో మనిషిని అడిగి తేల్చాలి, కార్డు చూసి కాదు. ఆధార్ దానంతట అదే స్థిర నివాసానికి గాని పౌరసత్వానికి గాని రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షనే అంటోంది.

సాగర్_రోడ్
సరే, పుణె తమ్ముడి మాట ఒప్పుకుంటా. ఏళ్ల తరబడి పట్నంలో ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు కూడా అక్కడే చేసి, ఊళ్లో సర్పంచ్‌ను ఎన్నుకునే వాళ్ల సంగతి చెప్పండి. యాభై ఓట్ల తేడాతో తేలే ఊళ్లో అది చిన్న విషయం కాదు. ఊళ్లో నీళ్లు రాకపోతే బాధపడేది వీళ్లు కాదు కదా.

తెలుగు_సారు
పోలిక ఒక్క రోజులో తేలిపోతుందన్నారు. తేలదండి. నేను ముప్పయ్యేళ్లు బడిలో హాజరు పట్టీ రాశాను, పేర్ల సంగతి నాకు తెలుసు. మన దగ్గర ఒక్క ఊళ్లో యాదయ్యలు పదిమంది, సైదులులు ఏడుగురు, అందులో తండ్రి పేరు మల్లయ్య అయినవాళ్లు ముగ్గురు. లక్ష్మమ్మను ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఇంకొకరు కే, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. ఇంటిపేరు మనకు ముందు వస్తుంది, కంప్యూటర్‌కు చివర కావాలి. ఆడవాళ్లకు ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకో కార్డులో అత్తింటి పేరు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అని వేశారు, ఇంట్లో అయిదుగురు పెద్దలుంటే అయిదుగురూ జనవరి 1. ఈ లెక్కన పోలిస్తే ఇద్దరు యాదయ్యలు ఒక్కరైపోతారు, ఒక్క లక్ష్మమ్మ ఇద్దరవుతుంది. అది దొంగ ఓటు కాదు, గుమాస్తా రాత.

దేవరకొండ_డిపో
జనవరి 1న మా ఊళ్లో వందమందికి పుట్టినరోజు, కేక్ షాపు పెట్టుకోవచ్చు.

మీసేవ_మల్లన్న
సారు చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గరికి రోజూ ఇదే పని మీద వస్తారు. ఒక పెద్దమనిషికి ఓటరు కార్డులో నర్సింహ, ఆధార్‌లో నరసింహ, రేషన్ కార్డులో నర్సింహులు, పాసుపుస్తకంలో ఇంకోటి. నాలుగు కార్డులూ ముందు పెట్టి "ఇందులో నేను ఎవర్ని" అని అడిగిండు. నేను ఏం చెప్పాలి?

కోర్టు_బెంచీ
ఈ పోలిక కొత్తది కాదు, ఒకసారి చేసి చూశారు కూడా. 2015 మార్చిలో ఓటర్ల జాబితాను శుద్ధి చేస్తామని దేశమంతా ఆధార్ అనుసంధానం మొదలుపెట్టారు. అదే ఏడాది ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకాన్ని కొన్ని పనులకే పరిమితం చేస్తే రెండు రోజుల్లో ఆపేశారు. అప్పటికే కోట్ల నంబర్లు చేరాయి. తర్వాత 2018 డిసెంబర్ 7న మన అసెంబ్లీ ఎన్నికలు. ఓట్ల గల్లంతు అని పేపర్లన్నీ రాశాయి, కార్డు చేతిలో పట్టుకుని వెనక్కి వచ్చినవాళ్లకు లెక్కలేదు, అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి ప్రజలకు క్షమాపణ చెప్పారు. అందులో ఆధార్ వాటా ఎంత, ఇంటింటి తనిఖీ సరిగా చేయకపోవడం ఎంత అన్నది ఇప్పటికీ వాదనే. నేను చూసిన కేసుల్లో మాత్రం ఎవరికీ ముందుగా నోటీసు అందలేదు.
2021 డిసెంబర్‌లో చట్టమే మార్చారు. 23వ సెక్షన్‌లో ఆధార్ అడగవచ్చని చేర్చారు, సరైన కారణంతో ఇవ్వలేకపోతే దరఖాస్తు తిరస్కరించకూడదు, ఉన్న పేరు తీయకూడదు అని కూడా చేర్చారు. కానీ ఫారంలో రెండే గళ్లు, నంబర్ రాయండి లేదా నాకు ఆధార్ లేదు అని రాయండి. ఉంది గాని ఇవ్వను అనడానికి చోటు లేదు. మన హైదరాబాద్ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్ దీనిమీద సుప్రీంకోర్టుకు పోయారు. 2023 సెప్టెంబర్‌లో ఎన్నికల సంఘం కోర్టులో ఒప్పుకుంది, ఆధార్ తప్పనిసరి కాదు, ఫారాల్లో మార్పులు చేసే ఆలోచన ఉంది అని. అప్పటికే 66 కోట్ల 23 లక్షల నంబర్లు చేరాయని కూడా వాళ్లే చెప్పారు. బత్తాయితోట గారి రెండో ప్రశ్నకు ఇదే జవాబు.

అంగన్‌వాడీ_అక్క
ఆ 66 కోట్లలో నావి ఎనిమిది వందలు. ఇష్టపూర్వకం అని రాసుకున్నారు.

నారాయణపేట_చేనేత
ఒక్క మాట అడుగుతా. అందరూ ఓటరును ఎలా తనిఖీ చేయాలని మాట్లాడుతున్నారు. పేరు తీసేయమని అర్జీ పెట్టేవాడిని ఎవరు తనిఖీ చేస్తున్నారు? మా పక్కనే కర్ణాటకలో కలబురగి జిల్లా ఆళంద ఉంది. 2023 ఎన్నికల ముందు అక్కడ పేర్లు తొలగించమని ఫారం 7లు ఆన్‌లైన్‌లో 6,018 వచ్చాయి. అధికారులు ఒక్కొక్కటీ చూస్తే 24 మాత్రమే సరైనవి. మిగతావి ఎవరి పేరు మీద పెట్టారో వాళ్లకే తెలియదు. 2019లో ఆంధ్రలో కూడా ఫారం 7లు లక్షల్లో పడి పోలీసు కేసులయ్యాయి. మా చుట్టాలు ఆళంద వైపు ఉన్నారు, ఈ కథ విన్నప్పటి నుంచి నెలకోసారి నా పేరు చూసుకుంటున్నా.
2025 సెప్టెంబర్ నుంచి ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టేవాడు ఆధార్‌కు లింక్ అయిన ఫోన్‌తో ఈ-సైన్, అంటే ఆన్‌లైన్ సంతకం, చేయాలి. నన్నడిగితే ఆధార్ పెట్టాల్సిన చోటు అదే. ఇంకొకరి ఓటు మీద చెయ్యి వేసేవాడు తన ముఖం చూపించాలి.

సాగర్_రోడ్
ఇది నేను ఆలోచించలేదు. బాగుంది. కానీ అర్జీ పెట్టేవాడికి గట్టి పరీక్ష, ఓటరుకు ఏ పరీక్షా వద్దు అంటే కూడా కుదరదు కదా?

నారాయణపేట_చేనేత
వద్దనట్లేదు అన్నా. కంప్యూటర్ ఇద్దరూ ఒకరే అని చూపిస్తే ఆ రెండు ఇళ్లకూ మనిషి పోవాలి అంటున్నా. ఎక్కడ తలుపు తట్టాలో చెప్పడం వరకే దాని పని.

అమ్రాబాద్_దారి
మా వైపు అడవిలో చెంచుల గూడేల్లో, పెంటలు అంటాం, కొన్ని ఇళ్లకు తలుపే ఉండదు తట్టడానికి. కాగితాలు అడిగితే గుడిసెలో వాన పడి తడిసిపోయినవి చూపిస్తారు. పుట్టింది అడవిలో, మంత్రసాని చేతిలో, జనన ధ్రువపత్రం ఎక్కడిది? వీళ్లలో చాలామందికి ఆధార్ ఒక్కటే కార్డు, అది కూడా క్యాంపు పెట్టి చేసింది. అందుకే నేను ఆధార్ వద్దు అనే వాళ్లతో పూర్తిగా కలవలేను. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితాకు ప్రత్యేక సమగ్ర సవరణ పెట్టి 11 రకాల కాగితాలు అడిగారు, ఆధార్‌ను లెక్కలోకి తీసుకోలేదు. ముసాయిదాలో 65 లక్షల పేర్లు రాలేదు. చివరికి సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు ఆధార్‌ను కూడా పన్నెండోదిగా తీసుకోమంది, గుర్తింపు కోసం, పౌరసత్వం కోసం కాదు అని చెప్పి. పేదోడి చేతిలో ఏ కార్డు ఉంటే అది చాలు అనాలి. ఆ ఒక్క కార్డుతోనే వాడిని బయటికి నెట్టకూడదు.

తెలుగు_సారు
బిహార్‌లో 2003 జాబితాను ఆధారంగా పెట్టుకున్నారు. మన దగ్గర అలాంటి సమగ్ర సవరణ చివరిసారి జరిగింది 2002లో. ఎందుకైనా మంచిదని ఆ జాబితా తీసి మా వీధివాళ్ల పేర్లు చూశాను. మా అమ్మ పేరు దొరికింది, తమ్ముడి భార్యది వాళ్ల పుట్టింటి ఊళ్లో దొరికింది. పెళ్లయి వచ్చిన ఆడవాళ్లకు ఇది పెద్ద చిక్కు, ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

పాలమూరు_గుంపు
సారూ, 2002లో కరువు. మా ఊళ్లో సగం మంది అప్పుడు బొంబాయిలో ఉన్నారు.

తెలుగు_సారు
అవును తమ్ముడూ. ఆ మాట నాకు తట్టలేదు.

మీసేవ_మల్లన్న
బత్తాయితోట అన్నా, ఇక పని సంగతి. అమ్మ పేరు పూర్తిగా పోయింది కాబట్టి ఉన్న పేరులో మార్పులకు పెట్టే ఫారం 8 పనికిరాదు, కొత్తగా నమోదుకు పెట్టే ఫారం 6 మళ్లీ పెట్టాలి. ఆన్‌లైన్‌లో ఓటీపీ అడుగుతది, అమ్మ ఆధార్‌కు ఫోన్ నంబర్ లేకపోతే కాగితం మీద రాసి బీఎల్ఓ చేతికి ఇవ్వండి, రసీదు తీసుకోండి. వేలిముద్ర యంత్రం ఏమీ ఉండదు, సంతకమో నిశానీయో చాలు. నివాసానికి ఊరి కరెంటు బిల్లు గాని పాసుపుస్తకం గాని పెట్టండి, ఆధార్ జిరాక్స్ మీద పట్నం చిరునామా ఉంది కాబట్టి అది నివాసానికి పెట్టకండి. పాత కార్డు నంబర్ ఫారంతో పాటు విడిగా కాగితం మీద రాసి ఇవ్వండి. ఏదైనా డౌట్ ఉంటే 1950కి ఫోన్ చేయండి.

కోర్టు_బెంచీ
దాంతోపాటు, నోటీసు ఎప్పుడు ఎవరికి ఇచ్చారో నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి. తొలగింపు మీద 15 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు, కానీ విషయమే తెలియనివాళ్లకు 15 రోజులు ఎలా సరిపోతాయి? అందుకే నకలు అడగమంటున్నా. గడువు దాటింది మా తప్పు కాదని చూపడానికి అది కావాలి.

సాగర్_రోడ్
నాన్నగారి పేరు కూడా తీయించండి. బాధ కలిగించాలని కాదు. ఆ పేరు మీద ఎవరైనా ఓటేస్తే?

బత్తాయితోట
అమ్మకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా పేరు లేని జాబితాల ఆయన పేరొక్కటే ఎందుకు, తీయించు" అంది.

బత్తాయితోట
నెల దాటింది, ఏమైందో చెప్తానన్నాను కాబట్టి రాస్తున్నా. ఆఫీసులో నోటీసు నకలు ఇచ్చారు. ఊరి ఇంటి తలుపుకు అంటించామని రాసి ఉంది, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. వాళ్లలో ఒకాయనను అడిగితే తనకు గుర్తులేదన్నాడు. దాని మీద విడిగా ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా జవాబు రాలేదు.
అమ్మ ఫారం 6 ఇచ్చిన రోజే నాన్న పేరు మీద ఫారం 7 కూడా ఇవ్వబోయింది. తీసుకోలేదు. ఫారం 7 పెట్టేవాళ్లు అదే నియోజకవర్గం ఓటరై ఉండాలట. నీ పేరే లేదు కదమ్మా, నువ్వు ఎలా పెడతావు అన్నారు. నా ఓటు హైదరాబాద్‌లో, నాదీ కుదరదు. మా పెదనాన్న కొడుకు నేను పెడతా అని ముందుకొచ్చాడు. అమ్మ వద్దంది. నేనే పెడతా, నా పేరు రానీ అంది.
కొత్త బీఎల్ఓ ఇంటికి వచ్చి, పక్కింటివాళ్లను అడిగి, రాసుకుని పోయింది. నిన్న జాబితాలో అమ్మ పేరు వచ్చింది, ఇంటిపేరు ముందే ఉంది. ఇవాళ పొద్దున అమ్మ ఊరికి పోయి నాన్న మరణ ధ్రువపత్రం జత చేసి ఫారం 7 మీద సంతకం పెట్టింది. రసీదు తన ఓటరు కార్డు పెట్టుకునే కవర్లోనే పెట్టుకుంది.

అంగన్‌వాడీ_అక్క
మంచి మాట చెప్పావు తమ్ముడూ. నా బూత్‌లో ఎస్ పడినవి ఇరవై మూడు ఉన్నాయి. ఆదివారం నుంచి మళ్లీ తిరుగుతున్నా.